పేగుల్లో క్రిములు, ఒంటికి కాపలా

మా బరంపురంలో తెలుగువాళ్ళ ఇళ్ళలో చద్దన్నం అంటాం. గోడ అవతల ఒడియావాళ్ళు పఖాళ అంటారు. కుండ ఒకటే, పేర్లే రెండు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మూత పెడితే తెల్లవారేసరికి ఆ నీళ్ళు సన్నగా పులుస్తాయి. ఆ పులుపు క్రిముల పని. కిందటేడు ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతూ ఈ మాట అన్నాను. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి అడిగింది కదా: "టీచర్, కలరా క్రిమి కడుపులోకి పోతే ఒళ్ళు దానితో పోట్లాడుతుందన్నారు. మరి పఖాళ క్రిములు రోజూ పోతున్నాయి, వాటితో ఎందుకు పోట్లాడదు? ఏది మంచిదో ఏది చెడ్డదో ఒంటికి ఎవరు చెబుతారు?"

నా దగ్గర జవాబు లేదు. "రేపు చెబుతానమ్మా" అని గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. ఆ రేపు రావడానికి నాకు ఒక వేసవి సెలవులు పట్టాయి. చదివినకొద్దీ తెలిసింది, వైద్యశాస్త్రానికే ఆ జవాబు దొరకడానికి నూరేళ్ళ పైన పట్టిందని. అందులో మన వాటా కూడా కొంత ఉంది. ఒడిశా పల్లెల్లో పుట్టిన పసిబిడ్డల వాటా అది. ఆ కథే ఈ వేళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

కథ ఒక రష్యన్ శాస్త్రజ్ఞుడితో మొదలవుతుంది. పేరు ఇల్యా మెచ్నికోవ్. 1845లో ఖార్కోవ్ ప్రాంతంలో పుట్టాడు. అది ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. 1882లో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదులుకుని ఇటలీ దక్షిణాన సిసిలీ దీవిలో మెస్సీనా అనే ఊళ్ళో, సముద్రం ఒడ్డున కాపురం పెట్టాడు. ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కసు చూడటానికి వెళితే తానొక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. నక్షత్ర చేప పిల్లలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. లోపల తిరిగే కణాలు పైకి కనిపిస్తాయి. ఆయన తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల చర్మం కింద గుచ్చి పడుకున్నాడు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి, దొంగను పట్టుకున్న ఊరి జనంలాగా. వీటికి భక్షక కణాలు అని పేరు వచ్చింది. మన నెత్తుట్లో తెల్ల కణాలు కొన్ని చేసే పని ఇదే, క్రిమిని పట్టి మింగడం. ఒంటికి సొంత కాపలా ఉందని, అది కళ్ళతో చూడవచ్చని చూపించిన మొదటి మనుషుల్లో ఆయన ఒకడు. దీనికే 1908లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంతవరకు మా పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. అక్కడ లేనిది ఇక చెబుతాను.

1888లో మెచ్నికోవ్ పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. నాలుగేళ్ళకు ఫ్రాన్సులో కలరా వచ్చింది. కలరా అంటే మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పూరీ యాత్ర నుంచి తిరిగివచ్చేవాళ్ళతోపాటు ఊళ్ళకు అదీ వచ్చేదని మా తాతల తరం భయపడుతూ చెప్పుకునేది. ఆ కలరా క్రిములను మెచ్నికోవ్ తానే తాగేశాడు! ఏమీ కాలేదు. తర్వాత తాగినవాళ్ళలో ఒకరికి మాత్రం ప్రాణం మీదికి వచ్చి తప్పింది. అదే 1892లో మ్యూనిక్ నగరంలో పెట్టెన్‌కోఫర్ అనే పెద్దాయన కూడా, కలరాకు క్రిమి ఒక్కటే కారణం కాదని నిరూపిస్తానని పందెం కట్టినట్టు తాగి, కాస్త విరేచనాలతో బయటపడ్డాడు. అటువంటి పనులు ఇప్పుడు ఎవరైనా చేస్తే జైల్లో పెడతారు. కాని ఆ పిచ్చి ధైర్యంలోంచి ఒక మంచి ప్రశ్న పుట్టింది. ఒకే క్రిమి, ఒకే మోతాదు. ఒకడికి చావొచ్చింది, ఒకడికి ఏమీ కాలేదు. తేడా ఎక్కడుంది?

మెచ్నికోవ్ గాజు పళ్ళేల్లో కలరా క్రిములను వేరే క్రిములతో కలిపి పెంచి చూశాడు. కొన్ని కలరాకు తోడై దాన్ని పెంచాయి, కొన్ని అడ్డుపడ్డాయి. అయితే ముందే కడుపులో కాపురం ఉన్న క్రిములను బట్టి కొత్తగా వచ్చినదాని సంగతి తేలుతుందేమో అని ఆయనకు తోచింది. ఈనాటి వైద్యులు కూడా సరేననే ఆలోచన అది.

చూడండి, ఒకే మనిషి చేతిలో తాడు రెండు కొసలూ ఉన్నాయి. ఒక కొస ఒంటి కాపలా, రెండో కొస పేగుల్లో క్రిములు. ఆయన రెండూ కలిపి ముడి వేశాడు కూడా. కాని ఆ ముడి తిరగబడింది. పెద్దపేగులో తిండి కుళ్ళి విషాలు పుడతాయని, అవి నెత్తురులో కలిసి మెదడువంటి సుకుమారమైన చోట్ల కణాలను నీరసపరుస్తాయని, అప్పుడు కాపలా ఉండవలసిన భక్షక కణాలే వాటిని తినేస్తాయని, ముసలితనం అంటే ఇదేనని ఆయన వాదించాడు. పేగుల్లో క్రిములు చాలావరకు పగవాళ్ళు, వాటిని పులిసిన పాల క్రిములతో అణచాలి, ఇదీ మందు. 1904లో పారిస్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసం పత్రికలకెక్కింది. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్ళు నిండు నూరేళ్ళు బతుకుతున్నారని చెప్పుకునేవారు. మరుసటేడు, 1905లో, స్తామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు ఆ పెరుగులోని క్రిమిని వేరుచేశాడు. ఇంకేం, యూరపులో పెరుగు బిళ్ళల వ్యాపారం మొదలైంది. పెరుగు లేనిదే ముద్ద దిగని మనకు ఇది చదివితే నవ్వొస్తుంది.

నవ్వు రాని సంగతి కూడా ఉంది. పేగుల్లో విషం అనే మాట పట్టుకుని లండన్‌లో ఆర్బత్నాట్ లేన్ అనే పేరున్న శస్త్రవైద్యుడు మలబద్ధకం ఉన్నవాళ్ళకు పెద్దపేగే కోసి తీసేయడం మొదలుపెట్టాడు. కొందరు ఆ కోతతోనే పోయారు. మెచ్నికోవ్ 1916లో తన 71వ ఏట కన్నుమూశాడు. 1920ల మొదట్లో అమెరికాలో రెట్గర్ అనే ఆచార్యుడు పరీక్షించి, బల్గేరియా పెరుగు క్రిమి మనిషి పేగుల్లో నిలవనే నిలవదని తేల్చాడు. దానితో ఆ మోజు చల్లారింది. గట్టి వైద్యులు పేగుల్లో క్రిముల ఊసెత్తడమే చిన్నతనంగా చూసిన రోజులొచ్చాయి. మంచి ప్రశ్న చెడ్డ జవాబుతో కలిసి మూలపడింది.

అయితే మూలన కూర్చుని పనిచేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మెచ్నికోవ్ ప్రసంగానికి చాలా ముందే, 1885లో, థియోడార్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల మలం పరీక్షించి, పుట్టిన కొద్ది గంటల్లోనే క్రిములు అందులో కనిపిస్తాయని రాశాడు. ఇ. కోలై అని మనం వింటుంటామే, ఆ ఇ ఆయన పేరులోదే. 1900 ప్రాంతంలో అదే పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే అనే వైద్యుడు తల్లిపాలు తాగే పిల్లల పేగుల్లో ఒక వింత క్రిమిని చూశాడు. పంగలకర్రలా చివర చీలి ఉంటుంది. పాలు మానిపించిన పిల్లల్లో అది తక్కువ. దాన్నే ఇప్పుడు బిఫిడోబాక్టీరియా అంటున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు ఒక సైనికుణ్ణి చూశాడు. దండు దండంతా విరేచనాలతో మూలుగుతుంటే ఇతనొక్కడికే ఏమీ లేదు. 1917లో నిస్లే అతని పేగుల్లోంచి ఒక ఇ. కోలై రకాన్ని తీసి పెంచాడు. ఆ రకం ఈనాటికీ జర్మనీలో గుళికలుగా దొరుకుతుంది.

పేగుల్లో క్రిములే లేకుండా బతికితే ఏమవుతుంది? ఇది కూడా పాతప్రశ్నే. క్రిములు లేకపోతే జంతువు బతకలేదేమో అని 1885లో లూయీ పాశ్చరే అనుమానపడ్డాడు. పదేళ్ళకు బెర్లిన్‌లో నట్టల్, థీర్‌ఫెల్డర్ అనే ఇద్దరు ఒక గినీపందిని తల్లి కడుపు కోసి తీసి, మరగబెట్టిన పాలు, వడకట్టిన గాలి ఇచ్చి కొన్నాళ్ళు బతికించారు. 1940ల్లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రేనియర్స్ అనే ఇంజనీరుబుద్ధి గల శాస్త్రజ్ఞుడు ఇనుప తొట్లలో క్రిమి అన్నది తగలని ఎలుకలను పెంచి, వాటికి పిల్లలు పుట్టేదాకా సాకాడు. కాబట్టి బతకవచ్చు. కాని ఎలాంటి బతుకు? ఆ ఎలుకలను కోసి చూస్తే పేగుల గోడలో కాపలా ఠాణాలు ఎదగలేదు. ఠాణాలంటే నా మాట. ఆ చిన్న గుబురులను 1677లోనే పేయర్ అనే స్విస్ వైద్యుడు చూసి వర్ణించాడు, ఎందుకున్నాయో అప్పుడు తెలియదు. మామూలు ఎలుకలో అవి నిండుగా ఉంటాయి. క్రిములు లేని ఎలుకలో వాడిపోయినట్టు ఉన్నాయి. ఆ ఎలుకకు మామూలు ఎలుక పేగుల్లోని క్రిములను అంటించారు. కొన్ని వారాల్లో ఠాణాలు నిండాయి!

మా వెనక బెంచీ పిల్లకు సగం జవాబు ఇక్కడ ఉంది. కాపలా ముందు, క్రిములు తర్వాత అని మనం అనుకుంటాం. నిజానికి క్రిములు వచ్చాకనే కాపలావాళ్ళు ఎదుగుతున్నారు.

ఇక్కడ ఆగి నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేనేదో మొదటినుంచీ అన్నీ తెలిసినదాన్ననుకుంటారు.

2004లో మా పెద్దమ్మాయి పుట్టింది. పుట్టింట్లో పురుడు. అప్పటికే నేను బి.ఇడి. చేసి సైన్సు పాఠాలు చెబుతున్నదాన్ని. బిడ్డ పుట్టగానే మా పెద్దత్త వచ్చి, ముర్రుపాలు బరువు, పాపకు అరగవు అని పిండించి పారబోయించింది. మూడురోజులు పాపకు తేనె చుక్కలు, ఆముదం చుక్కలు. ముర్రుపాలు ఇవ్వాలని నేను చదివాను. పరీక్షలో రాశాను కూడా. అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. పెద్దత్త పదకొండు పురుళ్ళు పోసిన చెయ్యి. నేను మొదటి కాన్పు దాన్ని. ఆవిడ మీద నాకు కోపం లేదు, తన తల్లి చెప్పినట్టు ఆవిడ చేసింది. చదువుకుని ఊరుకున్నది నేను.

ఆ మూడురోజుల్లో ఏమి పారబోశామో తర్వాత చదివి తెలుసుకున్నాను. మన ఒంట్లో ప్రతిదేహాలు అనే రక్షక పదార్థాలు కొన్ని రకాలున్నాయి. వాటిలో ఒకదాని పేరు ఐజిఏ. పెద్ద మనిషి పేగుల్లో రోజుకు కొన్ని గ్రాముల ఐజిఏ తయారవుతుంది. మిగతా రకాలన్నీ కలిపినా దీనికి చాలవు. ఇది క్రిమిని చంపదు. పట్టుకుని, కప్పి, గోడకు అంటకుండా బయటే ఉంచుతుంది. పోట్లాట లేని కాపలా. పుట్టిన బిడ్డకు ఇది సొంతంగా తయారుకాదు, వారాలు, నెలలు పడుతుంది. అంతవరకు తల్లి ఇవ్వాలి. 1961లో హాన్సన్ అనే స్వీడన్ వైద్యుడు తల్లిపాలలో ఈ ప్రతిదేహం ప్రత్యేకమైన రూపంలో ఉందని చూపించాడు. అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ముర్రుపాలలోనే.

తల్లిపాలలో ఇంకొక వింత ఉంది. పాలచక్కెర, కొవ్వు తర్వాత అందులో ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకమైన గొలుసు చక్కెరలు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి తల్లి ఒళ్ళు అంత కష్టపడి ఎందుకు తయారుచేస్తుంది? బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని క్రిముల కోసం. టిస్సియే చూసిన ఆ పంగలకర్ర క్రిములకు అవి భోజనం. అమ్మ ఒక విస్తరి బిడ్డకు, ఇంకొక విస్తరి బిడ్డ చుట్టాలకు వడ్డిస్తోందన్నమాట.

ఆ అమ్మాయికే తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. మందుల దుకాణానికి వెళితే దుకాణంలో ఆయన డాక్టరు చీటీ అడగకుండానే ఒక యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చాడు. వేశాను. తగ్గి, మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే సిరప్. ఆ ఏడాది నాలుగుసార్లు. ఆ మందువల్లనే మళ్ళీ మళ్ళీ వచ్చిందని నేను చెప్పలేను. ఒక్క బిడ్డను చూసి శాస్త్రం చెప్పకూడదు. కాని చిన్నపిల్లల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కావలసింది ఉప్పు చక్కెర కలిసిన ఓఆర్ఎస్ నీళ్ళు, జింకు బిళ్ళలు, తల్లిపాలు. మలంలో నెత్తురు పడినా, బిడ్డ వాడిపోయినా, జ్వరం పెరిగినా డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఆయన ఇస్తే యాంటీబయాటిక్ తప్పక వాడాలి. దుకాణం బల్ల మీద అమ్మే వైద్యం గురించే నా బాధ.

అనవసరంగా వేసిన మందు ఏమి చేస్తుందో 1954లోనే షికాగో విశ్వవిద్యాలయంలో మార్జొరీ బోన్‌హాఫ్, ఆమె తోటివాళ్ళు చూపించారు. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా అనే క్రిమివల్ల జబ్బు రావాలంటే దాదాపు లక్ష క్రిములు నోట్లో పోయాలి. అదే ఎలుకకు ముందు ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇస్తే? పది క్రిములు కూడా అక్కర్లేకపోయాయి. లక్షకు పది! ఇంట్లో మనుషులుండగా దొంగకు చోటు దొరకలేదు. మందు ఇంటివాళ్ళను ఖాళీ చేయించింది.

మనుషుల్లో దీని రుజువు కొంచెం చెప్పడానికి ఇబ్బందిగా ఉండే రూపంలో వచ్చింది. భోజనవేళ అయితే క్షమించండి. ఎక్కువ యాంటీబయాటిక్‌లు వాడిన కొందరికి క్లాస్ట్రిడియం డిఫిసిలే అనే మొండి క్రిమి పేగుల్ని పట్టుకుంటుంది. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు అటువంటి రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని శుభ్రంగా వడకట్టి గొట్టం ద్వారా పేగుల్లోకి ఎక్కించారు. 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. మామూలు మందు తీసుకున్న 13 మందిలో నయమైనది నలుగురికి. మందు చేయలేని పని ఇరుగుపొరుగు క్రిములు చేశాయి.

సరే, చోటు సంగతి తెలిసింది. కాపలావాళ్ళకు ఎవరిని వదలాలో ఎలా తెలుస్తుందన్న అసలు ప్రశ్న మిగిలే ఉంది. అది తేలింది ఇటీవలే. 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి కాపలా కణాల్లో ఒక ప్రత్యేకమైన జాతిని చూపించాడు. వాటి పని కొట్టడం కాదు, కొట్టేవాళ్ళను ఆపడం. అదుపు కణాలు అందాం. ఊరి గొడవల్లో ఒక పెద్దమనిషి మధ్యలో నిలబడి చేతులు పట్టుకుంటాడే, అలాగ. అవి లేకపోతే కాపలా సొంత ఇంటినే తగలబెడుతుంది. ఈ కణాల మీద చేసిన పనికి సకగూచికి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ పెద్దమనుషులు పేగుల్లో తయారవడానికి క్రిములు సాయపడుతున్నాయని వరసగా తెలిసింది. 2005లో హార్వర్డ్‌లో మజ్మానియన్, కాస్పర్ మొదలైనవాళ్ళు ఒక పేగు క్రిమి ఒంటి మీది చక్కెర పూతను మాత్రమే తీసి, క్రిములు లేని ఎలుకలకిస్తే వాటి కాపలా వ్యవస్థ చాలావరకు చక్కబడిందని చూపించారు. క్రిమి కూడా అక్కర్లేదు, దాని చొక్కా చాలు! 2011లో జపాన్‌లో కెన్యా హోండా బృందం క్లాస్ట్రిడియా వర్గంలోని సాధు క్రిములు ఎలుక పెద్దపేగులో అదుపు కణాలను పెంచుతాయని కనిపెట్టింది. ఎలా అంటే, 2013లో సమాధానం తిండిలో దొరికింది. మనం అరిగించుకోలేని పీచును ఈ క్రిములు పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం కాపలా కణాలను అదుపు కణాలుగా మలచడంలో తోడ్పడుతుంది. పేగు గోడ కణాలకు కూడా అదే ముఖ్యమైన తిండి. మా ఇళ్ళలో చోడి అంబలి, కోరాపుట్ వైపు మాండియా జావ, పప్పులు, ఆకుకూరలు, వీటన్నిటిలో ఉండేది ఆ పీచే.

అన్ని క్రిములూ అదుపే నేర్పుతాయని కాదు సుమా. 2009లో ఎలుక పేగుల్లోని ఒక దారంలాంటి క్రిమి దీనికి తలకిందులుగా, పోట్లాడే కణాలను పెంచుతుందని తెలిసింది. కాపలాకు కత్తీ కావాలి, ఒరా కావాలి. ఇందులో చాలాభాగం ఎలుకల్లో తేలినదే. మనిషిలో అంతా అచ్చం అలాగే జరుగుతుందని చెప్పే తొందర నాకు లేదు.

పిల్లకు నేను చివరికి చెప్పిన జవాబు ఇది. ఒంటికి పుట్టుకతో తెలియదమ్మా, నేర్చుకుంటుంది. పేగు లోపలిగోడ ఒక్క కణం మందం. దాని మీద జిగురు పొర, ఆ జిగురులో ఐజిఏ. జిగురుకు అవతల ఉన్నంతవరకు క్రిమి చుట్టమే. కాపలా కణాలు అప్పుడప్పుడు దాని రుచి చూసి గుర్తుపెట్టుకుంటాయి. గోడ బద్దలుకొట్టినా, విషం కక్కినా చుట్టం కాదు. కలరా క్రిమి చేసేది విషం కక్కడం. ఈ గుర్తులు ఎక్కువగా పడేది మొదటి రెండు మూడేళ్ళలో. "అయితే టీచర్, క్రిములే మనకు పాఠం చెబుతున్నాయా?" అంది. కొంతవరకు అవునన్నాను. మన ఒంట్లో బాక్టీరియా ఎన్ని అని కూడా అడిగింది. ఒంటి కణానికి పది చొప్పున అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మళ్ళీ లెక్కవేస్తే మన కణాలు 30 లక్షల కోట్లు, బాక్టీరియా 38 లక్షల కోట్లు అని వచ్చింది. ఇంచుమించు సమానం. బరువు మాత్రం అన్నీ కలిపి 200 గ్రాములు.

ఇక మన వాటా. పినాకీ పాణిగ్రాహి అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు ఒడిశాలోని 149 పల్లెల్లో చేసిన పరీక్ష 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. ప్రపంచంలో పేరున్న పత్రిక అది. 4,556 మంది పసిబిడ్డలు. రెండు కిలోలకు తగ్గని బరువుతో పుట్టి తల్లిపాలు తాగుతున్నవాళ్ళు. పుట్టిన మొదటి రోజుల్లోనే సగంమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే క్రిమిలో ఒక ఎన్నుకున్న రకాన్ని, అది తినే చక్కెరతో కలిపి ఏడురోజులు ఇచ్చారు. మిగతా సగంమందికి ఏమీలేని పొడి. ఎవరికి ఏది పడిందో ఇంటివాళ్ళకు తెలియదు. రెండు నెలలు చూశారు. నెత్తురులో విషం పాకే సెప్సిస్ అనే జబ్బు, మరణం, రెండూ కలిపి లెక్కవేస్తే మామూలు పొడి తీసుకున్నవాళ్ళలో నూటికి 9, క్రిమి తీసుకున్నవాళ్ళలో నూటికి 5.4. నూరుమందిలో ముగ్గురు నలుగురు బిడ్డలు గండం తప్పించుకున్నారు. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. నన్ను ఆశ్చర్యపరచినది వేరు. పేగుల్లో వేసిన క్రిమితో ఊపిరితిత్తుల జబ్బులు కూడా తగ్గాయి. విరేచనాలు తగ్గితే చోటు ఆక్రమించిందనుకోవచ్చు. ఊపిరితిత్తుల దాకా వెళ్ళిందంటే కాపలావాళ్ళకు ఏదో కబురు అందిందనే అనుకోవాలి.

ఇది విని మందుల దుకాణంలో ఏదో ఒక ప్రోబయాటిక్ గుళిక కొనుక్కురాకండి. అక్కడ పనిచేసింది ఒక్క ప్రత్యేకమైన రకం, ఒక్క మోతాదు, ఒక రకమైన బిడ్డల్లో. పేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన గుణం ఒకటి కాదు. నెలలు నిండని ఒక శిశువు ఇటువంటి ఉత్పత్తి ఇచ్చిన తర్వాత చనిపోతే 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ డాక్టర్లను హెచ్చరించింది. చద్దన్నం కూడా మందు కాదు. నాకిష్టం కాబట్టి తింటాను, అంతే.

రుజువు కాని ముడులు ఇంకా ఉన్నాయి. విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు హైదరాబాదులో తయారైన చుక్కల టీకాను 2016లో ప్రభుత్వం మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. అది ఎందరో బిడ్డలను కాపాడుతోంది, తప్పక వేయించాలి. కాని నోటి చుక్కల టీకాలు ధనిక దేశాల్లో పట్టినంత గట్టిగా మన పిల్లలకు పట్టవు. పోలియో చుక్కల విషయంలో ఈ సంగతిని 1972లోనే వేలూరులో జేకబ్ జాన్ అనే వైద్యుడు గమనించి రాశాడు. పేగుల్లో క్రిముల గోలే కారణమేమో అని 2016లో వెలువడిన పరీక్షలో వేలూరు పిల్లలకే ముందు యాంటీబయాటిక్ ఇచ్చి, తర్వాత పోలియో చుక్కలు వేసి చూశారు. చెడ్డ క్రిములు తగ్గాయి. టీకా మాత్రం మెరుగ్గా పట్టలేదు. కాబట్టి వట్టి క్రిములను తుడిచేస్తే చాలదు. ఇంకేమి కావాలో వెతుకుతున్నారు.

కిందటి మాఘమాసంలో మా తమ్ముడి కూతురు ప్రసవించింది. ఆసుపత్రిలో నర్సమ్మ గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించింది. ఇంటికొచ్చాక పెద్దత్త, ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి, ఆముదం సీసా పట్టుకుని మెల్లగా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి నేను లేచి, "అత్తా, ఆరునెలలదాకా పాపకు అమ్మపాలు తప్ప ఏదీ వద్దు, చుక్క నీళ్ళు కూడా వద్దు" అన్నాను. ఆవిడ నన్నూ, పాపనూ కాసేపు చూసింది. తర్వాత సీసా మూత బిగించి, "పోనీలే, నా మోకాళ్ళకైనా పనికొస్తుంది" అని పక్కన కూర్చుంది.